మా అమ్మాయికి బీసీ-సి సర్టిఫికెట్ తెచ్చుకున్న సంగతి

"బీసీ-సి అంటే ముస్లింలదా సార్?" అని గ్రామ సచివాలయంలో కుర్రాడు అడిగాడు. కాదు బాబూ, ముస్లింలది బీసీ-ఇ, మాది సి, ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవాళ్ళదీ వాళ్ళ సంతానానిదీ అని చెప్పాను. అతని తప్పేం లేదు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, ఆ గ్రూపు పేరుతో అప్లికేషన్ ఎప్పుడో గానీ రాదట. అమ్మాయికి ఇంటర్ అయిపోయింది, ఎంసెట్ రాసింది, కౌన్సెలింగ్‌కి ఇంటిగ్రేటెడ్ సర్టిఫికెట్ (కులం, స్థానికత, పుట్టిన తేదీ కలిపి ఇచ్చేది) కావాలి. అలా మొదలైంది.

మాది ఒంగోలు దగ్గర ఒక పల్లె. మా పేటలో చర్చికి వెళ్ళని ఇల్లు లేదు. కానీ కాగితాల మీద సగానికి పైగా ఇళ్ళు హిందూ మాదిగలే, మా అన్న పిల్లలు కూడా. నేను ఎవర్నీ తప్పు పట్టడానికి ఇది రాయట్లేదు. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వులో హిందువులైతేనే ఎస్సీ అన్నారు, 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు, మమ్మల్ని మాత్రం కలపలేదు. రాష్ట్రంలో మాకు ఇచ్చింది బీసీ-సి కింద ఒక్క శాతం. ఎస్సీలకి పదిహేను శాతం. అరవై సీట్ల బ్రాంచిలో ఒక శాతం అంటే లెక్క ప్రకారం ఒక్క సీటు కూడా పూర్తిగా రాదు. పిల్లల్ని చదివించుకోవాలనుకునే తండ్రి ఏ వైపు చూస్తాడో వేరే చెప్పాలా.

అన్న ముందే చెప్పాడు. "రేయ్, నా పిల్లలకి ఎస్సీ ఉంది, అదే చూపించి నీ పిల్లకీ తీసుకో, ఒక్క రోజు పని. నీ పట్టుదలతో దాని సీటు పోగొట్టొద్దురా." నేను ఆ రాత్రి నిద్రపోలేదు. కానీ నా టీసీలో మతం క్రిస్టియన్, కులం ఇండియన్ క్రిస్టియన్ అని ఉంది. నా పాత సర్టిఫికెట్ కూడా బీసీ-సి. ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుని పాడే పిల్లకి, నువ్వు అది కాదమ్మా అని నేనే ఎలా చెప్పను? అన్నకి అదే అన్నాను. ఫోన్ పెట్టేశాడు.

అప్లికేషన్ పెట్టిన పన్నెండో రోజున ఆధారాలు చాలవని వెనక్కి వచ్చింది. నా పాత సర్టిఫికెట్ చేత్తో రాసింది, నంబరు చెరిగిపోయింది, ఆన్‌లైన్‌లో దొరకదు. పైగా విచారణకి వచ్చినాయన, మీ అన్న పిల్లలు ఎస్సీ, మీరు బీసీ-సి, ఒక తండ్రి బిడ్డలకి రెండు కులాలా అన్నారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్తే అన్న ఇరుక్కుంటాడు, చెప్పకపోతే నా పిల్ల ఇరుక్కుంటుంది. కౌన్సెలింగ్ తేదీలు దగ్గరికొస్తున్నాయి, టెన్షన్‌తో అన్నం సహించలేదు. చివరికి మా అన్న సంగతి నన్ను అడగొద్దు సార్, మా నాన్న, తాత ఎవరో చూపిస్తాను, దాన్ని బట్టి రాయండి అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, చర్చి రికార్డు ఉంటే తీసుకురండి అన్నారు.

మర్నాడు పొద్దున్నే మా చర్చి పాస్టర్ అయ్యగారి దగ్గరికి వెళ్ళాను. చర్చి వెనక గదిలో రేకు పెట్టె ఉంది, అందులో సంఘం రిజిస్టర్లు. అట్టలు ఊడిపోయాయి, అంచులు చెదలు కొట్టేశాయి. అయ్యగారు కళ్ళజోడు పెట్టుకుని ఒక్కో పేజీ మెల్లగా తిప్పారు. పేరు, తండ్రి పేరు, బాప్తిస్మం తేదీ, ఇచ్చినవారు, చివరి గడిలో కొందరికి 'ప్రభువునందు నిద్రించెను' అని. సిరా గోధుమరంగుకి తిరిగింది. గంటసేపు వెతికాక తాత దొరికాడు. బడిలో రాసిన పేరు కాదు, చర్చిలో పెట్టిన బైబిల్ పేరు. పక్కనే బ్రాకెట్లో ఎవరో బుద్ధిమంతుడు పాత పేరు కూడా రాశాడు. ఆ బ్రాకెట్ లేకపోతే నా పని అయ్యేది కాదు.

మా నాయనమ్మ చెప్పేది, తాతకి తాత గుండ్లకమ్మ ఏట్లో మునిగి బాప్తిస్మం తీసుకున్నవాళ్ళలో ఒకడని. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు, అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారి కాలంలో. దానికి ముందు పెద్ద కరువు, దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి కూలి ఇప్పించారు. కరువు నడిచినన్నాళ్ళూ బాప్తిస్మం ఇవ్వలేదు, గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. మమ్మల్ని ఎవరైనా బియ్యం క్రైస్తవులు అంటే నాకు ఇదే గుర్తొస్తుంది, ఒళ్ళు మండుతుంది. తాతకి తాత పేరు ఏ రిజిస్టర్‌లోనూ దొరకలేదు గానీ, తాత పేజీ చాలింది.

ఆ పేజీ జిరాక్స్, అయ్యగారి ఉత్తరం, నా టీసీ, నాన్న టీసీ, రేషన్ కార్డు, ఇరుగుపొరుగు ఇద్దరి వాంగ్మూలం అన్నీ కలిపి మళ్ళీ పెట్టాను. మీలో ఎవరైనా ఇదే పనిలో ఉంటే ముందు తండ్రి, తాతల టీసీలు వెతుక్కోండి, పేర్లు రెండు రకాలుగా ఉంటే రెండూ ఒకరివేనని అఫిడవిట్ చేయించుకోండి, పరీక్ష అయ్యేదాకా ఆగొద్దు. విచారణకి వచ్చినాయన ఈసారి మా ఇంటి అరుగు మీద కూర్చుని వాంగ్మూలం రాసుకుంటూ, "మతం మారితే కులం పోయిందా మరి?" అని అడిగారు, వెటకారంగా కాదు, తెలుసుకుందామనే. మా శ్మశానం ఊరికి ఏ దిక్కున ఉందో చూపించాను. ఊళ్ళోవాళ్ళకి మేం ఏ దేవుణ్ణి మొక్కుతామో పట్టదు, ఏ పేటవాళ్ళమో మాత్రం తెలుసు. ఆయన ఏమీ అనలేదు, మంచినీళ్ళు తాగి వెళ్ళారు.

తొమ్మిది రోజులకి సర్టిఫికెట్ వచ్చింది. అమ్మాయి గట్టిగా చదివి, "నాన్నా, ప్రోజెనీ అంటే?" అంది. సంతానం అమ్మా, నువ్వే అన్నాను.

మొదటి విడతలో సీటు రాలేదు. రెండో విడతలో వచ్చింది, అనుకున్న కాలేజీ కాదు, అనుకున్న బ్రాంచీ కాదు. అన్న పిల్లకి మా అమ్మాయి కంటే వెనకున్న ర్యాంకుకే మంచి కాలేజీ వచ్చింది, అది చూసి మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు, ఆమె బాధ నాకు తెలుసు. 2023 మార్చిలో మన ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ, దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని కేంద్రాన్ని అడుగుతూ తీర్మానం చేసింది. నా చిన్నబిడ్డ ఇప్పుడు ఏడో తరగతి.

హాస్టల్‌కి బయల్దేరే రోజు పొద్దున్నే అన్న ఆటో తీసుకుని వచ్చాడు. నాతో మాట్లాడకుండా నేరుగా లోపలికెళ్ళి పిల్ల పెట్టె భుజాన ఎత్తుకున్నాడు.