చేత్తో నడిపితే వస్తుంది, క్రాన్‌లో పెడితే రాదు: మూడు రోజుల నా తిప్పలు

లైనక్స్ కంప్యూటర్‌లో, చెప్పిన టైముకి పనులు తనే నడిపే ప్రోగ్రామ్ క్రాన్. నా స్క్రిప్ట్ అందులో పెడితే ఎందుకు పనిచేయలేదో నిన్న రాత్రి పదకొండు కావొస్తుండగా తేలింది. మరిచిపోకముందే రాసిపెడుతున్నాను. ఇలా ఎవరైనా ముందే రాసి ఉంటే నాకు ఒక్క పూటలో అయిపోయే పని ఇది.

కళ్లు మండుతున్నాయని వెళ్తే డాక్టరుగారు 20-20-20 పద్ధతి చెప్పారు. ప్రతి 20 నిమిషాలకోసారి, 20 అడుగుల దూరంలో ఉన్నదాన్ని, 20 సెకన్లు చూడాలి. పనిలో మునిగితే అదెక్కడ గుర్తుంటుంది? నాది లైనక్స్. టైముకి తెర మీద చిన్న పెట్టె వచ్చి చెబితే చాలనుకున్నాను. దీనికోసం ఓ యాప్ దించుకుని, దానికో అకౌంట్ తెరవడం నాకిష్టం లేదు.

స్క్రిప్ట్, అంటే కమాండ్లు రాసిన ఫైల్, రాయడం తేలికే. బాష్‌లో రెండు లైన్లు, రెండోది తెర మీద పెట్టె చూపించే నోటిఫై-సెండ్ కమాండ్, పక్కన కోట్స్‌లో ‘దూరంగా చూడు’. టెర్మినల్‌లో నడిపాను, పెట్టె వచ్చింది. ఏ పని ఎప్పుడు నడపాలో క్రాన్‌కి చెప్పే పట్టిక క్రాన్‌టాబ్. అందులో ఒక్కో లైనుకి ఐదు గడులుంటాయి: నిమిషం, గంట, తేదీ, నెల, వారం. మొదటిదాంట్లో స్టార్ స్లాష్ 20 (ప్రతి 20 నిమిషాలకి), మిగతా నాలుగింట్లో స్టార్‌లు (ఏదైనా సరే) పెట్టి సేవ్ చేశాను.

అంతే, ఇక పెట్టె రాలేదు.

మొదటి రోజంతా గడుల మీదే అనుమానం. ఫైల్‌కి పూర్తి దారి ఇచ్చాను, నడిచే అనుమతి మళ్లీ చూశాను, మెషీన్ రీస్టార్ట్ చేశాను. సిస్టమ్ లాగ్ చూస్తే క్రాన్ ఠంచనుగా 20కి, 40కి, గంటకి నా స్క్రిప్ట్‌ని పిలుస్తూనే ఉంది. పిలుస్తోంది, పెట్టె మాత్రం రాదు. అదే స్క్రిప్ట్‌ని నేను నడిపితే వెంటనే వస్తోంది.

రెండో రోజు ఆఫీసులో ఒక సీనియర్‌ని అడిగాను. ఆయన తలైనా తిప్పకుండా, నలుగురూ వినేలా, “ఇంత చిన్నదానికి ఇంత గొడవెందుకండీ, ఫోన్‌లో అలారం పెట్టుకోండి. మాన్యువల్ చదివే అలవాటు లేదా?” అన్నారు. పక్కవాళ్లు నవ్వారు. ముందు రోజు రాత్రే మాన్యువల్ రెండుసార్లు చదివాను. ‘నాకు తెలీదు’ అని ఉంటే ఏ బాధా లేదు. ఈయన చేరిన కొత్తలో ఎక్సెల్ ఫార్ములాలు కూర్చోబెట్టి నేర్పింది నేనే. అడగడానికి వచ్చినవాడిని చిన్నబుచ్చి పంపిస్తే వాడు ఇంకోసారి ఎవరినీ అడగడు. ఇంట్లో పిల్లలతోనైనా, ఆఫీసులో కొత్తవాళ్లతోనైనా అంతే.

మూడో రోజు పట్టుదలగా కూర్చున్నాను. స్క్రిప్ట్ చెప్పేది ఎక్కడికి పోతోంది అన్నది అసలు ప్రశ్న. క్రాన్ దాన్ని మెయిల్‌గా పంపుతుంది. నా మెషీన్‌లో మెయిల్ ఏర్పాటే లేదు, అందుకే ఎర్రర్ నా కంటపడలేదు. క్రాన్‌టాబ్ లైను చివర, అవుట్‌పుట్టూ ఎర్రర్లూ ఒక ఫైల్‌లోకి వెళ్లేలా మార్చాను. ఈసారి టైముకి ఆ ఫైల్‌లో ఒక లైను పడింది: డిస్‌ప్లే లేదు కాబట్టి డీబస్‌ని (ప్రోగ్రాముల మధ్య కబుర్లు మోసేదాన్ని) మొదలుపెట్టలేను అని.

తర్వాత, ప్రోగ్రాములకి అందే వేరియబుల్స్‌ని (పేరు, దాని విలువ) చూపించే ఎన్వ్ కమాండ్‌ని ఒకసారి టెర్మినల్‌లో, ఒకసారి క్రాన్‌లో నడిపి పోల్చాను. టెర్మినల్‌లో తెర నిండా వేరియబుల్స్. క్రాన్‌లో హోమ్, లాగ్‌నేమ్, షెల్, పాత్ లాంటివి నాలుగైదు, అంతే. అప్పుడు అర్థమైంది. క్రాన్ నా డెస్క్‌టాప్ సెషన్‌లో లేదు, వెనకాల విడిగా నడుస్తోంది. పెట్టె ఏ తెరకి వెళ్లాలో దానికి తెలీదు. ఆ కబురు మోసేది డీబస్ సెషన్ బస్, దాని చిరునామా క్రాన్ దగ్గర లేదు. స్క్రిప్ట్‌లో నోటిఫై-సెండ్‌కి ముందు ఒక ఎక్స్‌పోర్ట్ లైను చేర్చాను: డీబస్ సెషన్ బస్ అడ్రస్ వేరియబుల్‌కి విలువ, రన్ ఫోల్డర్‌లో యూజర్, అందులో నా యూజర్ నంబర్, అందులో బస్ అనే సాకెట్. దారికి ముందు ‘యునిక్స్ కోలన్ పాత్ ఈక్వల్స్’ అని ఉండాలి. నంబర్ చాలా మెషీన్లలో 1000, ఐడీ మైనస్ యూ కొడితే మీది తెలుస్తుంది. సేవ్ చేసి 10:40 కోసం చూస్తూ కూర్చున్నాను. పెట్టె వచ్చింది! కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

ఈ ఉదయం పక్క సీటు అమ్మాయి తన మెషీన్‌లోనూ పెట్టమంటే ఆరు నిమిషాల్లో పెట్టిచ్చాను.

45 నిమిషాలకోసారి లేచి నడవాలని ఇంకోటి పెట్టబోతే మరో చిక్కు. స్టార్ స్లాష్ 45 అంటే 45 నిమిషాలకోసారి కాదు, ప్రతి గంటలో సున్నాకి, 45కి. అంటే 9:45కి వచ్చింది మళ్లీ 10:00కే వస్తుంది. గంటని సమంగా భాగించని వ్యవధికి క్రాన్ బదులు సిస్టమ్‌డీ (లైనక్స్‌లో వెనకాల పనులు నడిపే ఇంకో ఏర్పాటు) యూజర్ టైమర్ వాడండి. ఫైళ్లు రెండు రాయాలి, కానీ లెక్క సరిగ్గా ఉంటుంది.

క్రాన్‌టాబ్ మైనస్ ఈ అంటే దిద్దడం, మైనస్ ఆర్ అంటే అన్నీ చెరిపేయడం, మామూలుగా అడగను కూడా అడగదు. కీబోర్డు మీద ఆ రెండక్షరాలూ పక్కపక్కనే. ముట్టుకునే ముందు, ఉన్నవన్నీ చూపించే మైనస్ ఎల్ కొట్టి, వచ్చినదాన్ని ఒక ఫైల్‌లో దాచుకోండి.