తలుపుకి దూరంగా కూర్చోబెట్టారు

జపాన్‌లో ఆఫీసు పని మీద భోజనానికి వెళ్తే ముందు చూసుకోవలసింది తలుపు ఎటు ఉందో. తలుపుకి బాగా దూరంగా ఉన్న చోటు పెద్ద అతిథిది. దాన్ని కమిజా అంటారు. తలుపు పక్కన ఉన్నది షిమోజా, అందరిలోకీ చిన్నవాడిది. పాత పద్ధతి గదుల్లో ఒక గోడకి గూడులాంటిది తీర్చి, అందులో చిత్రపటం వేలాడదీసి పూలు పెడతారు. దాని ముందు కూర్చోబెట్టారంటే గౌరవం ఇంకో మెట్టు పైన. చాప్‌స్టిక్స్ పట్టు కుదరకపోతే విదేశీయుల్ని ఎవరూ తప్పుపట్టరు, అడక్కుండానే ఫోర్కు తెప్పిస్తారు. ఎక్కడ కూర్చున్నావు, పక్కవాడి గ్లాసు చూసుకున్నావా లేదా అన్నవి మాత్రం గమనిస్తారు.

మా మేడం, నేను అక్కడి కంపెనీతో ఒక ఒప్పందం ఖరారు చేసుకోవడానికి వెళ్లాం. టోక్యోలో హనెడా విమానాశ్రయంలో దిగిన మర్నాడు పగలంతా మీటింగు, సాయంత్రం ఆ ఊళ్లోనే షింబాషి అనే పేటలో విందు. షింబాషి స్టేషన్ బయట పాత ఆవిరి ఇంజను ఒకటి నిలబెట్టి ఉంటుంది. ఆఫీసులు వదిలే వేళకి సూట్లు వేసుకున్న జనం దాని దగ్గర చేరి ఒకరి కోసం ఒకరు చూస్తుంటారు. రైలు పట్టాల కింద ఇటుక కమానుల్లో వరసగా ఇజకాయాలు, అంటే తాగుతూ తినే చిన్న హోటళ్లు, కోడి ముక్కలు కాలుతున్న పొగ. నాకైతే అక్కడే ఆగిపోదామనిపించింది. కంపెనీవాళ్లు మమ్మల్ని పక్క వీధిలో, విడిగదులున్న హోటల్‌కి తీసుకెళ్లారు.

గది గుమ్మం దగ్గర చెప్పులు వదిలాం. బల్ల కింద గొయ్యి ఉంది, కాళ్లు కిందికి దింపుకోవచ్చు. లేకపోతే రెండు గంటలు మోకాళ్ల మీద కూర్చోవడం అలవాటు లేనివాళ్ల వల్ల కాదు. మేడంని లోపలి గోడ వైపు మధ్యలో, ఆవిడకి ఎదురుగా వాళ్ల డైరెక్టర్‌ని కూర్చోబెట్టారు. తలుపు పక్కన పాతికేళ్ల కుర్రాడు. హోటల్ వెతకడం, వంటకాలు చెప్పడం, ఎవరి గ్లాసు ఖాళీ అవుతోందో చూడడం, బిల్లు కట్టడం అన్నీ అతని పనే. విందు నడిపే ఈ మనిషిని కాన్జి అంటారు. ఆ రాత్రి అందరికంటే తక్కువ తిన్నది అతనే.

మేడం శాకాహారి. అక్కడ ‘వెజిటేరియన్’ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే లాభం లేదు. సూపుల్లో, కూరల్లో, సాసుల్లో దాషి అనే రసం ఉంటుంది. దాన్ని ఎక్కువగా ఎండబెట్టిన చేప తురుముతో తీస్తారు. పైకి ముక్క కనపడదు కాబట్టి వండేవాళ్లు దాన్ని చేప కింద లెక్కవేయరు. అందుకే మేడం వారం ముందే మెయిల్లో మాంసం, చేప, చేపతో తీసిన దాషి ఏదీ తిననని విడివిడిగా రాశారు. కాన్జి కుర్రాడు వంటవాళ్లతో మాట్లాడి కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో దాషి తీయించాడు. బౌద్ధ ఆలయాల వంట పద్ధతి అది. అక్కడికెళ్లి బల్ల మీద వద్దనడం కంటే ముందే చెప్పడమే మర్యాద. వచ్చిన పళ్లెం తిప్పి పంపిస్తే పరువు పోయేది మనది కాదు, ఆ కుర్రాడిది.

తడి తువ్వాలు తెచ్చి ఇచ్చారు. అది చేతులకే, మొహానికి కాదు. ఆ తర్వాత అడక్కుండానే చిన్న గిన్నెల్లో ఏదో వచ్చింది. దాన్ని ఒతోషి అంటారు, మామూలు ఇజకాయాలో అయితే కొన్ని వందల యెన్‌లు బిల్లులో పడతాయి. కూర్చున్నందుకు రుసుము అనుకోవాలి.

అందరి గ్లాసులూ నిండేదాకా ఎవరూ పెదవి తడపలేదు. డైరెక్టర్ రెండు ముక్కలు మాట్లాడి ‘కాంపాయ్’ (మన ‘చీర్స్’ లాంటిది) అన్నాకే మొదలు. మేడం, నేను ఊలాంగ్ టీ పుచ్చుకున్నాం, ఎవరూ బలవంతపెట్టలేదు. గ్లాసు తాకించేటప్పుడు చిన్నవాళ్లు తమ గ్లాసు అంచుని పెద్దవాళ్ల అంచుకంటే కాస్త కిందికి దించుతారు. ఇద్దరూ ఒకరికంటే ఒకరు దించుకుంటూ పోయి గ్లాసులు బల్లకి ఆనడం చూశాను, నవ్వు ఆపుకున్నాను.

సీసాలో ఉన్నది ఎవరికి వారు పోసుకోరు. పక్కవాడికి మనం పోయాలి, మనకి అతను పోస్తాడు. లేబుల్ పైకి ఉండేలా రెండు చేతులతో పట్టుకుని పోస్తే, అవతలివాళ్లు గ్లాసుని రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటారు. ఖాళీ గ్లాసు ఇంకా పోయమన్నట్టే. చాలనుకుంటే నిండుగా వదిలేస్తే సరి, నోటితో వద్దనక్కర్లేదు. ఇది తెలియక పోసిన ప్రతిదీ మర్యాదకి తాగేసేవాళ్ల పాట్లు చెప్పతరం కాదు. కారులో వచ్చినవాళ్లకి మాత్రం చుక్క కూడా పోయరు. 2007లో చట్టం మార్చినప్పటి నుంచి, తాగి బండి నడిపినవాడితో పాటు తెలిసి పోసినవాళ్లకీ, తెలిసి ఆ బండి ఎక్కినవాళ్లకీ శిక్ష ఉంది.

చాప్‌స్టిక్స్ విషయంలో తప్పకుండా గుర్తుంచుకోవలసినవి రెండే. అన్నంలో నిలువుగా గుచ్చకూడదు, చనిపోయినవాళ్ల ముందు పెట్టే అన్నంలో అలా గుచ్చుతారు. ఒకరి పుల్లల నుంచి ఇంకొకరి పుల్లలతో ముక్క అందుకోకూడదు, దహనం అయ్యాక అస్థికలు అలాగే ఏరుతారు. మిగతావాటిలో వాళ్లకే ఏకాభిప్రాయం లేదు. ఉమ్మడి పళ్లెంలోంచి తీసుకునేటప్పుడు పుల్లల్ని తిరగేసి రెండో కొస వాడేవాళ్లు ఆ బల్ల దగ్గరే కనిపించారు. మర్యాద నేర్పేవాళ్లు అది కూడదంటారు, వడ్డించుకోవడానికి వేరే జత అడగమంటారు.

భోజనంలో ఒప్పందం ఊసే రాలేదు. సుమో, వాతావరణం, ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారు, ఇవే కబుర్లు. మేడం కూడా ఎత్తలేదు. పగలు మీటింగులో నాన్చిన గడువు సంగతి మర్నాడు పొద్దున పది నిమిషాల్లో తేలిపోయింది. విందు వల్లే తేలిందని నేను అనను, విందులో అడిగి ఉంటే తేలేది కాదని మాత్రం గట్టిగా అనగలను. లేచే ముందు అందరూ నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టారు. ఆఫీసు మొదలవకముందే కృతజ్ఞతల మెయిల్ వెళ్లాలని మేడం అనడంతో, హోటల్ గదికి చేరగానే రాసి పెట్టుకున్నాను.

తర్వాత ఒసాకా. నొజోమి అనే బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు. మధ్యాహ్నం అక్కడి షిన్‌సెకాయ్ పేటలో కుషికత్సు తిన్నాను. పుల్లకి గుచ్చి వేయించిన ముక్కల్ని ఉమ్మడి సాస్ గిన్నెలో ఒక్కసారే ముంచాలి, కొరికింది మళ్లీ ముంచకూడదని గోడలకి రాసి ఉంటుంది. కోవిడ్ తర్వాత చాలా కొట్లలో గిన్నె బదులు సాస్ సీసాలు పెట్టేశారు.

ఒసాకా విందు మాది. అంటే కాన్జిని నేను. పావుగంట ముందు వెళ్లి చూస్తే గదికి ఒక పక్క గోడలో గూడు, ఇంకో పక్క ఊరి దీపాలు కనిపించే పెద్ద కిటికీ. రెండింటిలో ఏది పెద్ద చోటు? హోటల్ ఆవిణ్ణి అడిగాను, తడుముకోకుండా చెయ్యి పెట్టి చూపించింది. వచ్చిన పెద్దాయన ఆ చోటు తనకి తగదని తలుపు దగ్గరే కూలబడబోయాడు. మేడం రెండోసారి బతిమాలితే వెళ్లి కూర్చున్నాడు. మొదటిసారికే వెళ్లి కూర్చోకపోవడం కూడా మర్యాదే. చివర్లో పళ్లు తెచ్చిపెట్టినప్పుడు ఫోను వచ్చినట్టు లేచి వెళ్లి బిల్లు కట్టేశాను. అతిథికి బిల్లు కనపడకూడదు. టిప్పు అక్కడ లేదు, చిల్లర వదిలేస్తే వెంటపడి తెచ్చిస్తారు.

ఒసాకా చప్పట్లు వేరే. ఒకాయన పాటలా పలుకుతుంటే అందరం రెండు, రెండు, ఆఖర్న మూడు కొట్టాలి. టాక్సీలోనూ వరస ఉంది. డ్రైవర్ వెనక సీటు పెద్దాయనది, డ్రైవర్ పక్కది చిన్నవాడిది. వాళ్లు ఎక్కాక, బండి మలుపు తిరిగేదాకా వంగి నిలబడ్డాం.

‘మేడం, నేను సరిగ్గా తినలేదు, ఉడాన్ నూడుల్స్ తిందామా?’ అన్నాను.

‘ఆ రసంలోనూ చేపే కదా. నువ్వు తిను, నాకు అరటిపళ్లు చూడు’ అన్నారావిడ.