గీయకుండా వదిలిన గీత

పద్నాలుగేళ్లుగా కార్టూన్లు వేస్తున్నాను. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. తెల్ల కాగితం, నల్ల ఇంకు, అంతే నా సామాను. కిందటేడు ఎండాకాలం కడపలో మా వరండా తుడుస్తుంటే, తడిగుడ్డ తగిలిన చోటల్లా కడప బండ నల్లగా నిగనిగలాడింది. నలుపు ఇక్కడే ఉంది కదా, రంగులు పూసి, గీత రావాల్సిన చోట రాయిని అలాగే వదిలేస్తే? ఇటలీలో సెబాస్టియానో దెల్ పియోంబో 16వ శతాబ్దంలోనే పలకరాతి మీద నూనె రంగులు వేశాడని చదివాక ధైర్యం వచ్చింది.

ఎర్రగుంట్ల వైపు ఒక పాలిష్ యూనిట్‌లో ముక్క అడిగితే, అక్కడి పెద్దాయన "పాలిష్ బండ మీద రంగు పట్టదబ్బీ, పచ్చిబండ తీసుకపో" అన్నాడు. 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, 15 కిలోల బరువు. 220 నంబర్ వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే గరుకు కాగితంతో, రుద్ది ఎండబెట్టాను. మన బండ సున్నపురాయి, యాసిడ్ తగిలితే తినేస్తుంది. అందుకే ఉత్త నీళ్లతోనే కడిగాను.

బొమ్మ, గండికోట లోయ అంచున గొర్రెలు కాసే తాత. కింద పెన్న. ట్రేసింగ్ పేపర్ వెనక సుద్ద రుద్ది బొమ్మను బండ మీదికి దించాను.

కష్టమంతా గీత దగ్గరే. పెన్నుతో అయితే ఒక్క ఊపులో పడుతుంది. వదిలే గీతకు అటు రంగు, ఇటు రంగు రెండూ సరిగ్గా ఆగాలి. తాత ముక్కు ఆరుసార్లు చెడింది. నూనె రంగు నీటిరంగులా ఆవిరై ఆరదు, గాలి తగిలి మెల్లగా గట్టిపడుతుంది. ఆ ఆలస్యమే నన్ను కాపాడింది. ఇయర్‌బడ్‌ను నూనె రంగును పలచన చేసే టర్పెంటైన్‌లో ముంచి, మీదికొచ్చిన రంగును మర్నాడైనా తుడిచేవాణ్ని. గొర్రెల బొచ్చంతా పచ్చి రంగులో వెదురుపుల్లతో గీకి తీసిందే. ఈ పనిలో నాకు బాగా నచ్చింది అదే. మొదటి పూతలో టర్పెంటైన్ ఎక్కువ, పైకి పోయేకొద్దీ అవిసె నూనె ఎక్కువ. తారుమారైతే పైపూత పగులుతుంది.

అంతా అయ్యాక టెన్షన్ పట్టుకుంది. రుద్దిన బండ ఆరితే బూడిదరంగు కదా, రంగుల పక్కన నా గీతలు వెలిసిపోయినట్టున్నాయి. నల్లరంగు పూద్దామని బ్రష్ కూడా తీశాను. పూస్తే ఇంక రాయెందుకని ఆగి, బండ వెనక మూలన కాస్త అవిసె నూనె రాసి చూశాను. నల్లబడింది. వారం తర్వాతా అలాగే ఉంది.

ఆరు నెలలు గోడకు చేర్చి ఆరనిచ్చాను. మొన్న వార్నిష్ వేస్తుంటే మొదట తాత చేతికర్ర నల్లబడింది, తర్వాత కనుబొమలు, తర్వాత ఆ ముక్కు.