పసిపిల్లలు, హెచ్‌ఐవీ టీకా: ఒళ్లు బలహీనం కాదు, దారి వేరు

విశాఖలో కేజీహెచ్‌లోనో ఘోషాసుపత్రిలోనో పుట్టిన బిడ్డకు ఇంటికెళ్లేలోపే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి పడిపోతాయి. ఆ వరసలో హెచ్‌ఐవీ టీకా లేదు. ప్రయోగాల్లో ఉన్నవే తప్ప ఆమోదం పొందినది ప్రపంచంలో ఎక్కడా లేదు. అయితే "రోజుల పిల్లకి వేస్తే మాత్రం ఏం పనిచేస్తుందిలే" అన్న మాట సగమే నిజం.

ఆ సగం ఏదంటే, సూక్ష్మజీవి పైపొరలోని చక్కెర గొలుసులతో చేసిన టీకాలు రెండేళ్లలోపు పిల్లల్లో సరిగ్గా పట్టవు. పాత టైఫాయిడ్ టీకా రెండేళ్లు నిండాకే వేసేవారు. అదే చక్కెరను ప్రొటీన్‌కు అతికించిన కొత్త టీకా ఆరు నెలలకే పనిచేస్తోంది, ఎందుకంటే ప్రొటీన్ ఉంటే టీ కణాలు (యాంటీబాడీల తయారీకి దన్నిచ్చే రక్షణ కణాలు) సాయానికొస్తాయి. హెచ్‌ఐవీ పైపొరలోని జీపీ120 కూడా ప్రొటీనే.

1990లలో అమెరికాలో హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లలకు పుట్టిన కొద్ది రోజుల నుంచే జీపీ120 టీకా వేసి చూశారు. దాచిన ఆ రక్త నమూనాలను చాలా ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే, వీ1వీ2 అనే భాగంపై ఐజీజీ రకం యాంటీబాడీలు బాగా కనిపించాయి. ఐజీఏ అనే మరో రకం మాత్రం అరుదు. థాయ్‌లాండ్‌లో పెద్దవాళ్లపై జరిగిన ఆర్‌వీ144 ప్రయోగంలో (2009 ఫలితం, 31.2 శాతం రక్షణ) మొదటిది రక్షణతోనూ, రెండోది ఎక్కువ ముప్పుతోనూ ముడిపడి కనిపించింది కాబట్టే దీనికంత విలువ. అలాగని సంబరపడిపోనక్కర్లేదు. అదే బాటలో దక్షిణాఫ్రికాలో పెద్దవాళ్లపై నడిపిన ప్రయోగాన్ని ఫలితం లేదని 2020లో ఆపేశారు.

టీకాలో ఏ అడ్జువెంట్ (టీకా బాగా పట్టేలా కలిపే పదార్థం) కలిపారన్నది చిన్న విషయం కాదు. పసికందులో రక్షణ కణాలను ఉసిగొల్పే ఐఎల్-12 తక్కువగా, వాటిని అణిచే ఐఎల్-10 ఎక్కువగా ఊరుతుంది. లింఫ్ గ్రంథుల్లో యాంటీబాడీలు చేసే బీ కణాలు తర్ఫీదు పొందే చోట్లు ఇంకా పూర్తిగా ఏర్పడవు. అక్కడ ఉత్త ఆలమ్ (అల్యూమినియం లవణం) చాలకపోవచ్చు, నూనె రకం ఎంఎఫ్59 లాంటివి కావాల్సి రావొచ్చు. దీనికి తోడు మాయ ద్వారా వచ్చిన తల్లి యాంటీబాడీలు టీకా ప్రొటీన్‌ను కప్పేసే అవకాశం ఉంది. తట్టు టీకాను తొమ్మిది నెలల దాకా ఆపడానికి ముఖ్య కారణం తల్లి యాంటీబాడీలే.

ఇంకో సంగతి మరీ ఆసక్తికరం. నైరోబీ పిల్లల్లో ఒకరి నుంచి వేరుచేసిన బీఎఫ్520 అనే యాంటీబాడీ, వైరస్ సోకి ఏడాది తిరిగేసరికే పలు రకాల హెచ్‌ఐవీని అడ్డుకోగలిగింది. పెద్దవాళ్లలో అలాంటివి రావడానికి ఏళ్లు పడుతుంది.

టీకా వేసిన బిడ్డకు హెచ్‌ఐవీ పరీక్ష మరో చిక్కు. తల్లి యాంటీబాడీల వల్ల 18 నెలల దాకా యాంటీబాడీలను వెతికే ర్యాపిడ్ కిట్‌ను నమ్మలేం. టీకా యాంటీబాడీలు అంతకు మించి కూడా నిలవొచ్చు, ముఖ్యంగా జీపీ41 (వైరస్ పైపొరలోని మరో ప్రొటీన్) కలిపిన టీకా అయితే. అప్పుడు వైరస్‌నే వెతికే పీసీఆర్ ఒక్కటే దిక్కు.

ఈ టీకా వేయకపోయినా, హెచ్‌ఐవీ ఉన్న తల్లుల పిల్లలకు ఆరు వారాలప్పుడు మడమ గుచ్చి ఎండబెట్టిన రక్తపు చుక్కల కార్డునే పంపుతారు. చెడేది ఎక్కువగా అక్కడే. స్పిరిట్ ఆరనివ్వాలి, మొదటి చుక్క తుడిచేయాలి. మడమను పిండితే కణజాల ద్రవం కలిసి రక్తం పలచబడుతుంది. వలయాన్ని ఒకే పెద్ద చుక్కతో నింపాలి. అది కార్డు వెనక్కి కూడా ఊరాలి, మీద మీద చుక్కలు వేయకూడదు. తర్వాత నీడలో, దేనికీ తగలకుండా కనీసం నాలుగు గంటలు ఆరాలి. సముద్రపు గాలి తేమ వల్ల వానాకాలంలో మన ఊళ్లో అది చాలదు, రాత్రంతా ఉంచడమే మేలు. తొందరపడి జిప్ కవర్‌లో పెడితే బూజు పడుతుంది. తేమ చూపే కార్డు నీలం నుంచి గులాబీకి మారితే సిలికా సంచులు మార్చాలి. అది గమనించకపోతే నమూనాను ల్యాబ్ తిరస్కరిస్తుంది, బిడ్డనెత్తుకుని తల్లి పాడేరు నుంచి మళ్లీ బస్సెక్కాలి.