వాకిట్లో గచ్చు, దాని బీటలు: పని ఎక్కడిదాకా వచ్చిందంటే

సంక్రాంతి వెళ్ళాక

ముందు బీటల్ని చూడడమే పనిగా పెట్టుకున్నాను. పలాస పక్కన మా ఊళ్ళో ఇంటి ముందు గచ్చు ఇది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను మా వైపే తీరం దాటింది. జీడిచెట్లు, కొబ్బరిచెట్లతో పాటు మా పాత ప్రహరీ కూడా అప్పుడే పడింది. గోడ మళ్ళీ లేపినప్పుడు మట్టివాకిట్లో గ్రావెల్ తోలించి, దిమ్మిస కొట్టించి, నాలుగంగుళాల మందాన కాంక్రీటు పోయించాం. ముప్ఫై అడుగుల పొడవు, ఇరవై అడుగుల వెడల్పు. ఇంటి పునాది గోడకి ఆనించి, నూతి చపటా చుట్టూ తిప్పి, మధ్యలో ఎక్కడా గీత లేకుండా ఒకే పలకగా పోసేశారు. నున్నగా వచ్చిందా లేదా అన్నదే అప్పట్లో మా అందరి గొడవ.

ఇప్పుడున్నవి ఇవి. పొడవుకి దాదాపు నడిమధ్యన ఈ అంచు నుంచి ఆ అంచుదాకా ఒక అడ్డబీట. నూతి చపటా మూల నుంచి ఐమూలగా గేటు వైపు పాకింది ఇంకోటి. మేడ మీది వాననీళ్ళ గొట్టం పడే చోట ఒక మూల విరిగి కుంగింది. ఇవి కాక పైపైన సాలెగూడులా సన్న నెర్రెలు. పోసిన రోజున ఎండకీ గాలికీ పైపొర తొందరగా ఆరిపోతే వచ్చేవి అవి. లోతుండవు, వాటి జోలికి నేను పోను.

అడ్డబీట అక్కడే ఎందుకొచ్చిందో లెక్క వేస్తే తెలిసిపోతుంది. కాంక్రీటు ఆరేకొద్దీ కుంచించుకుంటుంది. మీటరుకి అర మిల్లీమీటరు చొప్పున వేసుకున్నా ముప్ఫై అడుగులకి నాలుగు మిల్లీమీటర్లు దాటుతుంది. కింద నేల దాన్ని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఎక్కడో ఒకచోట తెగాలి. గచ్చు మందం ఎన్ని అంగుళాలో దానికి రెండు నుంచి రెండున్నర రెట్లు అడుగుల దూరంలో కోత జాయింటు, అంటే పగులు అక్కడే రావాలని మనమే కోసే గీత, పెట్టాలన్నది వాడుకలో ఉన్న లెక్క. నాలుగంగుళాలకి ఎనిమిది నుంచి పది అడుగులన్నమాట. కోత లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం. పోసిన మర్నాడే ఆ కోతలు పెట్టి ఉంటే మా వాకిలి ఆరు పలకలయ్యేది, పగుళ్ళు ఆ గీతల కిందే దాక్కునేవి. ఇక నూతి మూల సంగతి: గచ్చు లోపలికి తిరిగిన మూల ఎక్కడుంటే బీట అక్కడి నుంచే బయలుదేరుతుంది. తలుపు చట్రం మూలల దగ్గర గోడ పగలడం అందరూ చూసిందే కదా.

కదులుతోందా, నిలిచిపోయిందా అన్నది అసలు ప్రశ్న. బీటకి అటొకటి ఇటొకటి చిన్న స్క్రూలు ఎపాక్సీ జిగురుతో అతికించి, వాటి తలల మధ్య దూరాన్ని వెర్నియర్ కొలత పరికరంతో తెల్లవారుజామున ఒకసారి, మధ్యాహ్నం మూడింటికి ఒకసారి చూస్తూ వచ్చాను. పొద్దున వెడల్పు, మధ్యాహ్నం ఇరుకు. తేడా అర మిల్లీమీటరు అటూఇటూ. ఇరవై అడుగుల కాంక్రీటు ముప్ఫై డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండు మిల్లీమీటర్లు సాగుతుంది కాబట్టి చలికాలానికీ నడివేసవికీ మధ్య ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ఐమూల బీటదీ అదే వరస. కుంగిన మూల మాత్రం వెడల్పులో కదలడం లేదు, బైకు ఎక్కితే కిందికి దిగి లేస్తోంది. అంటే రెండు వేర్వేరు రోగాలు, మందు ఒకటి కాదు.

ఫిబ్రవరి

కదిలే బీటని సిమెంటుతో గానీ ఎపాక్సీతో గానీ బిగించకూడదు. బిగిస్తే అక్కడ ఊరుకుని పక్కన కొత్తది తీస్తుంది. ఈ గచ్చు తనకి కావలసిన చోట తనే జాయింటు పెట్టుకుంది, దాన్ని ఒప్పుకుని రబ్బరులా సాగేదేదో నింపడమే మనం చెయ్యగలిగింది. పాత గచ్చుకి ఇప్పుడు కొత్తగా గళ్ళు కోయించడం నా దృష్టిలో డబ్బు దండగ.

సాగే సరుకు నింపాలంటే బీటని ముందు వెడల్పు చెయ్యాలి. చాలామంది ఇక్కడే నమ్మరు. మా ఊరి తాపీ మేస్త్రీ గేటు దగ్గర నిలబడి కాసేపు చూసి అడిగేశాడు.

"బీట పూడ్సమంటే ఇంకా పెద్దది సేస్తన్నారేటి బాబూ? రెండు కేజీల సిమెంటు పాలు పోస్తే ఐపోను."

"ఈ ఏడు బాగానే ఉంటుంది మేస్త్రీ, చలికాలం రాగానే మళ్ళీ విడిపోతుంది."

"ఇడిపోతే మళ్ళీ పోసీద్దుం. సిమెంటుకేటి కరువు?"

ఆయన మాటకి ఆయన లెక్క ఉంది. నా లెక్క ఇది. పీయూ సీలెంటు, అంటే సందు పూడ్చే సాగే పాలీయురిథేన్ సరుకు, మంచి రకమైతే నింపిన వెడల్పులో పాతిక శాతం దాకా అటూఇటూ ఆడుతుంది. రెండు మిల్లీమీటర్ల సన్న బీటలో నింపితే అది ఓర్చేది అర మిల్లీమీటరు మాత్రమే, మొదటి చలికే అంచు ఊడుతుంది. అదే పన్నెండు మిల్లీమీటర్ల గాడి తీస్తే మూడు మిల్లీమీటర్ల ఆట దొరుకుతుంది.

కోతకి అడ్డబీట మీద మార్బుల్ కట్టర్ వాడాను, కింద రేకు ఉంటుంది కాబట్టి తిన్నగా నడుస్తుంది. వంకర్లు తిరిగిన ఐమూల బీటకి చిన్న గ్రైండరే దారి. రెండింటికీ డైమండ్ బ్లేడు. రెండు గీతలు కోసి మధ్యలోది ఉలితో లేపేస్తే అంగుళం లోతు గాడి మిగులుతుంది. దుమ్ము సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. ఆ పొడిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తుల్లో చేరితే పోదు. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి. మేడ మీద వడియాలు పెట్టుకున్న అమ్మకి ముందే చెప్పాను. అయినా చీవాట్లు తప్పలేదు.

ఇంటి గోడ వెంబడి, నూతి చపటా చుట్టూ వేరే పని. అక్కడ గచ్చు గోడకి అంటుకోకూడదు, పూర్తి మందం విడిపోవాలి. కట్టర్ అంత లోతు దిగదు కాబట్టి పైన కోసి, కిందిది చిప్పింగ్ మిషను అద్దెకి తెచ్చి తీశాం.

మార్చి, సీలెంటు

గాడిలో గరిక వేళ్ళు, చీమలు తోడిన మట్టి, పాత దుమ్ము అన్నీ పోవాలి. వైరు బ్రష్షుతో రుద్ది, బ్లోయరుతో ఊదాను. నీళ్ళతో కడిగితే బాగా ఆరేదాకా ఆగాలి, తడి అంచుకి సీలెంటు పట్టదు.

తర్వాత ఫోము తాడు. బ్యాకర్ రాడ్ అని అడిగితే మా వైపు హార్డ్‌వేర్ షాపుల్లో తెల్లమొహం వేశారు, విశాఖ నుంచి తెప్పించుకున్నాను. గాడి కంటే నాలుగో వంతు లావుండాలి. పన్నెండుకి పదిహేను మిల్లీమీటర్లది తీసుకుంటే బిగుతుగా కూర్చుంటుంది. దీనికి రెండు పనులు. సీలెంటు లోతు వెడల్పులో సగమే ఉండేట్టు ఆపుతుంది. రెండోది ఇంకా ముఖ్యం: సీలెంటు అటు అంచుకీ ఇటు అంచుకీ మాత్రమే అంటుకోవాలి, అడుక్కి అంటుకుంటే సాగలేక చిరిగిపోతుంది. తాడు నొక్కడానికి ప్లైవుడ్ ముక్కకి ఆరు మిల్లీమీటర్ల మెట్టు కోసుకున్నాను. మెట్టు గచ్చుకి ఆనేదాకా నొక్కితే ఎక్కడైనా ఒకే లోతు వస్తుంది. స్క్రూడ్రైవరుతో మాత్రం పొడవొద్దు, తాడు చిల్లి పడితే అందులోంచి గాలి వచ్చి సీలెంటులో బుడగలు లేస్తాయి.

ఎంత సరుకు కావాలో చెప్తాను. పన్నెండు వెడల్పు, ఆరు లోతు అంటే మీటరుకి 72 మిల్లీలీటర్లు. 600 మిల్లీలీటర్ల సాసేజి, అంటే సీలెంటు నింపిన పొడవాటి సంచి, ఒకటి ఎనిమిది మీటర్లు, అంటే సుమారు ఇరవైఏడు అడుగులు వస్తుంది. దానికి సాసేజి గన్ను కావాలి, మామూలు సిలికాన్ గన్నులో పట్టదు. వెనిగర్ వాసనొచ్చే చవక సిలికాన్ కాంక్రీటుకి పనికిరాదు, అందులోంచి వచ్చే ఆమ్లం సిమెంటులో క్షారంతో కలిసి అంచు పట్టు పోతుంది. తారు పోస్తే పోలేదా అని మా బావ. జీడిపిక్కలు ఆరబెట్టే వాళ్ళ కళ్ళంలో జాయింట్లకి తారే. మేలో అది కరిగి పిక్కలకి అంటుకోవడం చూశాక కూడా ఆయన అదే మాట అంటాడు.

సీలెంటు సాయంత్రం పూట వేశాను. పొద్దున వేస్తే ఎండెక్కేకొద్దీ కాంక్రీటు రంధ్రాల్లో గాలి వ్యాకోచించి బుడగలు తీస్తుంది. నడివేసవి మధ్యాహ్నం గాడి మరీ ఇరుకు, చలికాలం తెల్లవారుజామున మరీ వెడల్పు. మార్చి సాయంత్రం వాటికి నడుమ ఉంటుంది. రెండు అంచులకీ మాస్కింగ్ టేపు అంటించి, గన్ను ముక్కు గాడిలో తాడు మీదికి పెట్టి నెమ్మదిగా లాగుతూ నింపి, సబ్బునీళ్ళలో ముంచిన చెంచా వెనకతో ఒత్తుకుంటూ వెళ్ళడమే. టేపు వెంటనే లాగెయ్యాలి, పొర కట్టాక లాగితే అంచు పీక్కువస్తుంది. జిగురుగా ఉండగానే కోతలో వచ్చిన కాంక్రీటు పొడి చల్లాను, గచ్చులో కలిసిపోయింది. ఈ సరుకు గాలిలో తేమతోనే గట్టిపడుతుంది, రోజుకి రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున. సముద్రపు గాలి మనకి ఇక్కడ కలిసొస్తుంది. గట్టిపడేదాకా బైకులు బయటే పెట్టించాను.

కుంగిన మూల

దీన్ని సుత్తి కర్రతో తట్టుకుంటూ వెళ్తే ఒకచోట నుంచి డొల్ల మోత. గొట్టం నీళ్ళు గ్రావెల్‌ని కోసుకుపోయాయి, మిగతాది పందికొక్కులు తవ్విపోశాయి. అందుకే ముందు గొట్టం. పీవీసీ ఎల్బో పెట్టి నీళ్ళని కాలువలోకి మళ్ళించాను. ఆ పని చెయ్యకుండా పైన ఏం పూసినా మళ్ళీ అంతే. కన్నాలు ప్రహరీ బయట వైపు నుంచి రాళ్ళూ సిమెంటూ పెట్టి మూసి, పలకకి బొక్కలు వేసి, ఒకటికి మూడు సిమెంటు ఇసుక పల్చగా కలిపి గరాటుతో పోశాం. ఒక బొక్కలో పోస్తే పక్క బొక్కలోంచి పైకి రావాలి, అప్పుడే కింద నిండినట్టు. ఈ పని మేస్త్రీదే, నాకంటే ఆయన చెయ్యి నయం.

విరిగిన అంచు చుట్టూ అరంగుళం లోతున నిలువుగా కోసి, పాతది లేపి, లేటెక్సు, అంటే పట్టు పెంచే రబ్బరు పాల లాంటి ద్రవం, కలిపిన సిమెంటు పాలు బ్రష్షుతో రుద్ది, అది తడిగా ఉండగానే లేటెక్సు కలిపిన మాలు ఎక్కించాం. పాలు ఆరిపోయాక వేస్తే పట్టకపోగా అదే విడిపోయే పొరవుతుంది. అంచుని పల్చగా సాగదీసి వదిలితే పెచ్చులుగా లేస్తుంది. నిలువు కోత అందుకే. తడి గోనెలు కప్పి వారం ఉంచాం.

ఉగాది ముగ్గు మాత్రం అడ్డబీటకి ఇవతలే పడింది. సీలెంటు మీద నడవొద్దని నేను కాపలా కాస్తుంటే అమ్మ ఎంతసేపని ఊరుకుంటుంది.

ఇక గేటు ముందు ర్యాంపు మిగిలింది. అక్కడ ఒక పలక పక్కదానికంటే అంగుళం పైకి లేచింది, సీలెంటుతో పోయేది కాదు, పగలగొట్టి పోయాల్సిందే. పోసేటప్పుడే గేటు దిమ్మెల పక్కన థర్మోకోల్ రేకు పెట్టాలనీ, మర్నాడే కోత పెట్టాలనీ మేస్త్రీని ఇప్పటి నుంచే ఒప్పిస్తున్నాను. రేకుకి సరేనన్నాడు. కోత దగ్గర ఇంకా బేరం నడుస్తోంది.