కమ్యూనిస్టుకి వేదాలెందుకు?

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకునేటప్పుడు నాకో పద్ధతంటూ ఉండదు. మొన్న దాశరథి రంగాచార్య గారి 'చిల్లర దేవుళ్లు' దొరికింది, అట్ట సగం ఊడిపోయి, లోపల ఎవరో పాత బస్ టికెట్ గుర్తు పెట్టుకుని మర్చిపోయిన కాపీ. 1971లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు వచ్చిన నవల. నిజాం కాలంలో దొర గడీ ముందు జనం ఎలా చేతులు కట్టుకుని నిలబడ్డారో, వెట్టి అంటే ఏంటో చరిత్ర పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా బుర్రకెక్కలేదు గానీ, ఇది చదివాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ ఊపులోనే కమ్యూనిస్టులు నడిపిన తెలంగాణ సాయుధ పోరాటం మీద రాజకీయ పుస్తకాలు కూడా తిరగేశాను (కొన్నిట్లో సగం నినాదాలే, ఏం చేస్తాం).

అసలు తమాషా ఏంటంటే, ఆ పోరాటంలో పాల్గొన్న రంగాచార్య గారే తర్వాత నాలుగు వేదాలనూ తెలుగులోకి తెచ్చారు. మా బాబాయికి చెబితే "కమ్యూనిస్టుకి వేదాలెందుకురా?" అన్నాడు. ఎందుకుండకూడదు బాబాయ్? నేనైతే ఋగ్వేదం మొదలెట్టాను, రోజుకి నాలుగు పేజీలు, బోర్ కొడితే మళ్లీ నవలే.