గోగు నారతో ప్యాకింగ్ ఫిల్మ్: నా ప్రాజెక్టు అనుభవం

ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మా మేడం పెట్టిన షరతు ఒక్కటే: ముడిసరుకు మీ ఊళ్ళో దొరకాలి. మాది ఆమదాలవలస దగ్గర. గోగు మాకు కొత్త పంట కాదు, ఇక్కడి నార జూట్ మిల్లులకి వెళ్ళేది. మావయ్య ఇంట్లో ఓ కట్ట అడిగితే, "ఏటమ్మా, తాళ్ళు పేనుతావా?" అన్నాడు.

మొక్కజొన్న పిండితో చేసిన ఫిల్మ్ మట్టిలో కలిసిపోతుంది గానీ కొంచెం లాగితే చిరిగిపోతుంది. గోగు నారలో సగానికి పైగా సెల్యులోజే, అంటే మొక్కలకి గట్టిదనం ఇచ్చే పీచు పదార్థం. దాన్ని నానో సైజుకి, అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతుల లెక్కలోకి తెచ్చి పిండిలో కలిపితే ఫిల్మ్ గట్టిపడుతుంది. నేను చేయాల్సింది అదే.

మొదటి దశలు తేలికే. నారని ముక్కలు చేసి 4 శాతం కాస్టిక్ సోడాలో 80 డిగ్రీల దగ్గర ఉడికిస్తే నీళ్ళు ముదురు గోధుమరంగులోకి తిరుగుతాయి. తర్వాత సోడియం క్లోరైట్‌తో బ్లీచింగ్. ఇది ఫ్యూమ్ హుడ్ (వాయువుల్ని బయటికి పంపేసే ల్యాబ్ అర) లోపలే చేయాలి, ఘాటైన విషవాయువు వస్తుంది. చివరికి మిగిలిన తెల్లటి గుజ్జు ఫొటో పంపితే అమ్మ పొందూరు పత్తి అనుకుంది.

టెన్షన్ అంతా ఆసిడ్ దగ్గరే. 64 శాతం సల్ఫ్యూరిక్ ఆసిడ్, 45 డిగ్రీలు, 45 నిమిషాలు. సెల్యులోజ్‌లో క్రమం లేకుండా అల్లుకున్న భాగాలని ఆసిడ్ ముందు తినేస్తుంది, గట్టి స్ఫటికాలు మిగులుతాయి. ఎక్కువసేపు ఉంచితే అవీ కరిగి చక్కెర అయిపోతాయి. టైమ్ అవగానే పదింతల చల్లటి నీళ్ళలో పోసెయ్యాలి. ఇంత ఆసిడ్ వాడి, దాన్ని మళ్ళీ తటస్థం చేసి పారబోసే పద్ధతిని పర్యావరణహితం అనడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

తర్వాత సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పి గుజ్జుని అడుక్కి దించే మెషీన్‌లో, కడగాలి. మొదట్లో గుజ్జు చక్కగా అడుక్కి దిగుతుంది. ఆసిడ్ పోయేకొద్దీ పైనీళ్ళు తేటపడక మబ్బుగా ఉండిపోతాయి. మెషీన్ పాడైందని కంగారుపడనక్కర్లేదు, మనకి కావాల్సింది ఆ మబ్బే. స్ఫటికాల మీద చేరిన సల్ఫేట్ గుంపుల రుణావేశం వల్ల అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్ళలో తేలుతుంటాయి. ఆ మబ్బుని డయాలిసిస్ గొట్టంలో (ఆసిడ్‌ని బయటికి వదిలి స్ఫటికాలని లోపలే ఉంచే పొర) పోసి నీళ్ళలో ఉంచి, బయటి నీళ్ళ పీహెచ్, అంటే ఆమ్లగుణం కొలత, మారడం ఆగేదాకా ఆ నీళ్ళని మారుస్తూ ఉండాలి. ఓపికంతా ఇక్కడే అయిపోతుంది. తయారైనదాన్ని ఎండనివ్వకూడదు. ఎండితే కణాలు హైడ్రోజన్ బంధాలతో అతుక్కుపోయి మళ్ళీ విడివడవు. అందుకే ఫ్రిజ్‌లో తడిగానే దాచాను.

ఫిల్మ్‌కి పిండి బరువులో మెత్తదనం కోసం 30 శాతం గ్లిజరిన్, బలం కోసం ఆ దాచిన స్ఫటికాలు, అంటే నానోసెల్యులోజ్, 5 శాతం వేశాను. నానోసెల్యులోజ్ ఇంకా పెంచితే ఉండలు కట్టి బలం తగ్గింది. ఉడికించి పళ్ళెంలో పోసి ఆరబెట్టడమే. కానీ మన వైపు వానాకాలం గాలిలో అది ఓ రోజు మెత్తగా, ఓ రోజు పెళుసుగా ఉంటుంది. కొలతలు పోల్చాలంటే మెగ్నీషియం నైట్రేట్ సంతృప్త ద్రావణం పెట్టిన డబ్బాలో మూసి ఉంచాలి. 25 డిగ్రీల దగ్గర లోపల తేమ 53 శాతం దగ్గర నిలుస్తుంది. విశాఖలో ఫిల్మ్‌ని లాగి బలం చూసే పరీక్షకి కూడా ఆ డబ్బాతోనే వెళ్ళాను. బలం బాగా పెరిగింది, సాగే గుణం తగ్గింది. నీటి చుక్క వేస్తే మాత్రం ఫిల్మ్ నానోసెల్యులోజ్ కలపనప్పటిలాగే ఉబ్బింది.

వైవాలో అడిగారు, పలాస జీడిపప్పు ఇందులో ప్యాక్ చేయొచ్చా అని. పొడిగా ఉన్నంతసేపు ఈ ఫిల్మ్ ఆక్సిజన్‌ని బాగానే ఆపుతుంది, మన కోస్తా తేమని మాత్రం ఆపలేదు, పప్పు మెత్తబడిపోతుంది, బయట తేనెమైనం లాంటి పూత కావాలి అన్నాను. మరి బలం పెంచి లాభమేంటన్నారు. పూత వేసేటప్పుడూ, మడిచేటప్పుడూ చిరగని ఫిల్మ్ ముందు ఉండాలి కదా సార్ అన్నాను. తల ఊపి, తర్వాతి స్లైడ్ చూపించమన్నారు.